‘పర్లేదు’కి ఆకుపచ్చ చుక్క

సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. ఏ స్టాపులో ఎక్కుతుందో, ఏ స్టాపులో దిగుతుందో కండక్టర్లకి కూడా ముందు తెలియదు. ‘చెకింగక్క ఎక్కింది’ అన్న గుసగుస ముందు సీటు నుంచి వెనక సీటుకి చేరేలోపే కొందరి చేతులు జేబుల్లోకి, కొందరి చూపులు కిటికీల్లోంచి బయటికి పోయేవి. టికెట్ పారేసుకున్నానని చెప్పినవాణ్ణి ఆమె ఏనాడూ నమ్మలేదు. నిజంగా పారేసుకున్నవాళ్ళు కూడా ఉంటారు కదక్కా అని ఒక డ్రైవరు అడిగితే, “ఉంటారు. అదీ నాటకమే అయ్యుండొచ్చు” అంది.

ఇంట్లో మాత్రం వేరే మనిషి అనుకుంటున్నారేమో, అదేం లేదు. పాలు నురగ ఎక్కువొస్తే అనుమానం, తక్కువొస్తే అనుమానం. పక్కింటావిడ నవ్వుతూ పలకరిస్తే, ఈవిడకి ఏం కావాల్సొచ్చిందో అని సాయంత్రం దాకా ఆలోచించేది. తాళం వేసి, లాగి చూసి, నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి ఇంకోసారి లాగి చూసేది. చెడ్డ మనిషి కాదు. పాపం, నమ్మడం చేతకాని మనిషి.

అలాంటి మనిషికి నోట్లో నాలుక లేని మొగుడు దొరికాడు. ఆయన బోర్డులు రాసే ఆర్టిస్టు. ఆ చుట్టుపక్కల సగం కొట్ల పేర్లు ఆయన చేతి మీదుగా గోడలెక్కినవే. మిషన్ మీద అచ్చేసే ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది కానీ, రంగు డబ్బా, కుంచె, నిచ్చెన ఆయన వదల్లేదు. పెళ్ళాన్ని ‘ఇన్‌స్పెక్టరుగారూ’ అని పిలిచేవాడు. అంతకు మించి ఆయన ఇంట్లో మాట్లాడిన మాటలు ఒక బోర్డు మీద పట్టేస్తాయి.

ఒక మధ్యాహ్నం మందుల కొట్టు బోర్డు మీద సున్నా చుడుతున్న ఆయన నిచ్చెన దిగి, ఛాతీ పట్టుకుని, ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. కొట్టువాళ్ళే ఆసుపత్రిలో చేర్చారు. గుండె రక్తనాళాల్లో స్టెంట్లు వేశారు. ప్రాణం దక్కింది. ఇంటికి పంపేరోజు గుండె డాక్టరు తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

“గుండె కండరం కొంత దెబ్బతింది. కాస్త నీరసంగా కొట్టుకుంటోంది. ఇలాంటివాళ్ళకి ఒంట్లో నీరు చేరే ప్రమాదం ఉంది. ఆయాసం వచ్చినా, కాళ్ళు వాచినా, పడుకుంటే ఊపిరాడకపోయినా మాకు వెంటనే తెలియాలి. ఆలస్యమైతే మళ్ళీ ఇలా నడిపించి ఇంటికి పంపుతానని మాటివ్వలేను.”

ఆమె చెంగుతో నుదురు తుడుచుకుని, “మాకెలా తెలుస్తుంది డాక్టరుగారూ? ఆయన నోరు విప్పరు” అంది.

“అందుకే ఒక ఏర్పాటు చేశాం. రోజూ పొద్దున ఫోన్ వస్తుంది. ఎలా ఉందని అడుగుతుంది. ఆయన మామూలుగా, తన మాటల్లో చెబితే చాలు.”

కొరియర్ ఆఫీసులో పనిచేసే కూతురు తండ్రి ఫోన్‌లో ఆసుపత్రి యాప్ పెట్టి, తల్లికి విడమర్చి చెప్పింది. ఫోన్ చేసేది మనిషి కాదు, మిషన్. నాన్న చెప్పింది విని, బాగుంటే ఆకుపచ్చ చుక్క పెడుతుంది. తేడాగా ఉంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. పసుపైనా ఎరుపైనా డాక్టరు కంప్యూటర్‌లో కనబడుతుంది, వాళ్ళే పిలుస్తారు. ఆకుపచ్చ అయితే డాక్టరు చూడక్కర్లేదు.

“మనిషి కాదా?” అంది తల్లి.

“కాదమ్మా.”

“నా చెవిలో పువ్వులు పెట్టకు.”

మర్నాటి నుంచి ఫోన్ మొదలైంది. ఆర్టిస్టు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. వంటింట్లోంచి ఆమెకి మాటలు వినబడవు, గొణుగుడు వినబడేది. ఆ గొణుగుడు ఎంతకీ తెగదు. ఇంట్లో ఉప్పు కావాలన్నా వేలితో చూపించే మనిషి, అక్కడ తల ఊపుతూ, చెయ్యి తిప్పుతూ, ఒకసారైతే చిన్నగా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఫోన్ రాకముందే గడ్డం గీసుకుని తయారుగా ఉంటున్నాడు. ఆసుపత్రిలోంచి వచ్చాక పొద్దున్నే గీసుకోవడం ఆయనకి అలవాటైందంతే. కానీ చెకింగక్క కళ్ళకి ఏదీ ఊరికే జరగదు.

ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది.

“నమస్కారం. ఈ రోజు మీకు ఎలా ఉందో చెబుతారా?” అంది అవతల ఆడగొంతు. తేనె పూసినట్టుంది.

“నువ్వెవరు? ముందు నీ పేరు చెప్పు.”

“క్షమించండి. మీ సమాధానం నాకు అర్థం కాలేదు. మరోసారి చెబుతారా?”

“అర్థం కాలేదట. ఎంత బాగా నటిస్తోందో” అని ఆమె ఫోన్ పెట్టేసి, సాయంత్రం కూతురు రాగానే పట్టుకుంది. “మిషన్ అన్నావు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది, నేను విన్నాను. మిషన్‌కి ఊపిరెందుకే?”

“వినేవాళ్ళకి బాగుంటుందని అలా తయారు చేస్తారమ్మా.”

“అదే నేననేది. వినేవాళ్ళకి అంత బాగుండటం దేనికి?”

కూతురు తల పట్టుకుంది. తండ్రి మంచం మీద కూర్చుని గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆ నవ్వు కూడా ఆమె లెక్కలోకి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా ఒకరోజు మందుల్లో కొత్త మాత్ర కనబడింది. ఎక్కడిదని అడిగితే, “డాక్టరు మార్చాడు” అన్నాడు ఆర్టిస్టు.

“ఎందుకు మార్చాడు? మీరు బాగానే ఉన్నారుగా?”

“మార్చాడు మరి.”

ఆమెకి ఒళ్ళు మండింది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఉన్న తనకి తెలియని సంగతి ఎక్కడో కుర్చీలో కూర్చున్నవాడికి ఎలా తెలిసింది? ఈయన చెప్పకుండా తెలుస్తుందా? ఫోన్‌లో ఆ అమ్మాయికి చెప్పి, పెళ్ళానికి దాచిన మాట ఏమిటి? అప్పటికప్పుడు తీర్పు చెప్పేసింది. రేపట్నుంచి బాల్కనీ లేదు, తలుపులు వేసుకోవడం లేదు. ఫోన్ ముందుగదిలో, స్పీకర్ పెట్టి, తన ఎదురుగా.

ఆర్టిస్టు ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఊరుకోవడం ఆయనకి బాగా వచ్చు.

మర్నాడు ఆమె యూనిఫాం వేసుకుని, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. ఫోన్ బల్ల మీద ఉంది.

“నమస్కారం. ఈ రోజు మీకు ఎలా ఉంది?”

ఆయన భార్య వైపు చూశాడు. “పర్లేదు.”

“మెట్లు ఎక్కుతున్నప్పుడు ఆయాసంగా ఉంటోందా?”

“పర్లేదమ్మా.”

“కాళ్ళలో వాపు ఏమైనా గమనించారా?”

“పర్లేదు.”

“ధన్యవాదాలు. మీరు బాగున్నందుకు సంతోషం.”

తెర మీద ఆకుపచ్చ చుక్క పడింది. చెకింగక్క కూతురి వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలెగరేసింది. “నేను పక్కనుంటే కబుర్లు ఎంత పొట్టిగా అయిపోయాయో చూశావా? ఇక్కడ పప్పులుడకవని తెలిసిపోయింది ఇద్దరికీ.”

ఇక్కడ ఆగి ఒక్క మాట చెప్పాలి. ‘పర్లేదు’ అనేది మన నోట్లో ఎన్ని వేషాలేస్తుందో మనకి తెలియంది కాదు. ఇంకొంచెం వడ్డించమంటారా అంటే ‘పర్లేదు’, అంటే వద్దని. బస్సులో ఎవడో కాలు తొక్కి క్షమించమంటే ‘పర్లేదు’, అంటే ప్రాణం పోయింది కానీ ఏం చేస్తాం అని. పరీక్ష ఎలా రాశావురా అంటే ‘పర్లేదు’, అంటే ఇంట్లో తన్నులకి సిద్ధంగా ఉన్నానని. మొహం చూస్తూ వింటే ఏ పర్లేదో ఇట్టే తెలిసిపోతుంది. మిషన్‌కి మొహం కనబడదు. దానికి ఒక్కటే అర్థం నేర్పారు, ఇబ్బందేమీ లేదని. మొహం కనబడే మనిషి ఎదురుగా నిలబడి ఉందిగా అంటారా? ఆమె మొగుడి మొహం చూడలేదు. ఫోన్ వైపు చూస్తోంది.

తర్వాత్తర్వాత ఇంట్లో విడ్డూరాలు మొదలయ్యాయి. ఆర్టిస్టు మంచం మీద పడుకోవడం మానేసి, బాల్కనీ పక్కనున్న వాలుకుర్చీలో జారబడి నిద్రపోతున్నాడు. నడుం నొప్పి అన్నాడు. పొద్దున ఫోన్ తనకంటే ముందు అందుకోవడానికే అక్కడ కాపు కాస్తున్నాడని ఆమె అనుకుంది. కొత్త చెప్పులు కొన్నాడు, పట్టీ వదులు చేసుకునేవి. ఏళ్ళ తరబడి అరిగిన చెప్పులతో తిరిగిన మనిషికి ఈ వయసులో ఈ షోకేమిటని ఆమె ఆరా తీసింది. “పాతవి కరుస్తున్నాయి” అన్నాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు. బయట తింటున్నాడేమోనని చొక్కా వాసన చూసింది. బుద్ధున్న మనిషైతే డాక్టరు మాట గుర్తు తెచ్చుకోవాల్సింది. ఆమెకి గుర్తొచ్చింది కూడా, కానీ రోజూ ఆకుపచ్చ చుక్క పడుతోందిగా. ఈ లోకంలో దేన్నీ నమ్మని మనిషి నమ్మక నమ్మక ఆ చుక్కని నమ్మింది. కళ్ళముందున్న కాళ్ళు చూడకుండా కాళ్ళకున్న చెప్పులు చూసింది.

సెలవు రోజు ఆయన రంగులు కొనుక్కొస్తానని బయలుదేరాడు. ఆమె కాస్త ఆగి వెనకే బయలుదేరింది. మనుషుల వెనక కనబడకుండా నడవడం ఆమెకి ఉద్యోగమే నేర్పింది.

ఆర్టిస్టు మెల్లిగా నడుస్తున్నాడు. అద్దాల కొట్టు ముందు ఆగి తలెత్తి బోర్డు చూశాడు. నాలుగడుగులు వేసి ట్రంకుపెట్టెల కొట్టు ముందు ఆగాడు, మళ్ళీ బోర్డు చూశాడు. దర్జీ కొట్టు ముందు ఆగాడు. ప్రతి కొట్టు ముందూ ఆగుతున్నాడు. ఎవరికోసమో చూస్తున్నాడు, వచ్చే మనిషి ఇంకా రాలేదన్నమాట, అనుకుంది ఆమె. మలుపులో షట్టర్ మూసిన కొట్టు అరుగు మీద ఆయన చతికిలబడి, జేబులోంచి ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇక ఆగలేకపోయింది. ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“ఎవరికోసం ఈ పడిగాపులు?”

ఆయన ఉలిక్కిపడలేదు. ఎదుటి గోడ మీది బోర్డు వైపు చెయ్యెత్తాడు.

“ఆ... అక్షరం చూడు... ఒత్తు... ఎంత కిందకి... లాగాడో...”

ఆమె బోర్డు చూడలేదు. మాటకీ మాటకీ మధ్య ఆయన ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు మాసిన రంగులో ఉన్నాయి. ఆమె చూపు కిందికి దిగింది. కొత్త చెప్పుల పట్టీ ఆఖరి రంధ్రం దాకా వదులు చేసి ఉంది, అయినా పాదం పట్టీకి అటూ ఇటూ పొంగి ఉంది.

“ఏమండీ” అంది.

“పర్లేదు” అన్నాడాయన.

ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. గుండె డాక్టరు ముందు కంప్యూటర్ వైపు చూశాడు. “ఆర్టిస్టుగారు రోజూ ఆకుపచ్చలోనే ఉన్నారే” అంటూ తల తిప్పి, కుర్చీలో ఎగశ్వాస తీస్తున్న మనిషిని చూసి లేచాడు. పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరూ కంప్యూటర్ వైపు చూడలేదు. మంచం వచ్చింది, ఆక్సిజన్ వచ్చింది, సూదులు వచ్చాయి. ఆమెని బయటికి పొమ్మన్నారు.

డాక్టరు బయటికొచ్చేసరికి ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

“ఎలా ఉందండీ?”

“పర్లేదమ్మా” అన్నాడు డాక్టరు, ముందుకి నడవబోతూ.

ఆమె అడ్డంగా నిలబడింది, బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడినట్టు. “ఏ పర్లేదు డాక్టరుగారూ? మమ్మల్ని ఊరడించే పర్లేదా, నిజం పర్లేదా? చుక్క ఏ రంగో చెప్పి వెళ్ళండి.”

డాక్టరు ఆగిపోయాడు. మెడలోని స్టెతస్కోపు తీసి చేతిలో చుట్టుకున్నాడు. బెంచీ మీద తను కూర్చుని, ఆమెని కూర్చోమన్నాడు.

“బాలేదమ్మా. నీరు ఊపిరితిత్తుల్లోకి వచ్చేసింది. మందుకి ఒళ్ళు ఎలా స్పందిస్తుందో చూడాలి. రేపటిదాకా ఏ మాటా చెప్పలేను.”

ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. “మరి మీ మిషన్ రోజూ అడిగింది ఏమిటి? ఆయన పర్లేదంటే బాగున్నట్టా? ఆ మాత్రం తెలీదా దానికి?”

“మేం నేర్పిందే దానికి తెలుసు” అన్నాడు డాక్టరు. “తప్పు మాదే. ఇప్పుడు మీతో నేనన్న పర్లేదుకి కూడా అది ఆకుపచ్చే పెట్టేది.”

ఆమె ఊపిరి పీల్చుకుంది. దొరికారు. మొదట్నుంచీ తను చెబుతూనే ఉంది. ఇక ఆసుపత్రిని, మిషన్‌ని, ఆ తేనె గొంతుని కలిపి కడిగెయ్యడానికి నోరు తెరిచింది. కానీ డాక్టరు ఇంకా మాట్లాడుతున్నాడు.

“ఒకటే నాకు అర్థం కావట్లేదు. మొదట్లో ఆయన ఎంత వివరంగా చెప్పేవారో. ఎన్నో మెట్టు దగ్గర ఆగారో, నిద్రలో ఎప్పుడు ఉలిక్కిపడ్డారో, ఏ పక్కకి తిరిగితే ఊపిరి తేలిగ్గా ఉందో. ఒకసారి పసుపు చుక్క పడితే అంతా చదివి, మాత్ర మార్చింది నేనే. అంత బాగా చెప్పే మనిషి, ఇందాక తెర మీద చూస్తే, ఆ తర్వాత ఒక్కసారిగా పర్లేదు తప్ప ఇంకో మాట లేదు. ఇంట్లో ఏమైనా జరిగిందామ్మా?”

చెకింగక్క తెరిచిన నోరు మూసుకుంది. కొత్త మాత్ర. స్పీకర్. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డ తను. ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు, పట్టుకోవలసిన మనిషిని ఆమె పట్టుకుంది.

“జరిగింది” అంది. “నేను చేశాను.”

ఆ రోజు గడిచింది. మందుకి ఒళ్ళు లొంగింది, నీరు దిగడం మొదలైంది. గండం గడిచినట్టేనని డాక్టరు ఆమె ముందు కూర్చుని, ఆమెకి అనుమానం లేకుండా, పొడుగ్గా చెప్పాడు. అప్పుడుగాని ఆమెకి ఏడుపు రాలేదు. ఆఫీసు నుంచి వచ్చిన కూతురు భుజం మీద తల పెట్టి, పిల్ల కొరియర్ చొక్కా తడిసేలా ఏడ్చింది.

మర్నాడు ఆర్టిస్టుని మామూలు గదికి మార్చారు. ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఆ ఫోన్ పిల్లకి చెప్పినవి నాకెందుకు చెప్పలేదు?” అంది. “కనీసం నేను నిలబడ్డాక కూడా దానికి చెప్పొచ్చుగా. మిషనేగా అది.”

“నువ్వు వింటున్నావుగా” అన్నాడాయన.

“వింటే?”

“బస్సులో అందరూ నిన్ను చూసి భయపడతారు. ఆసుపత్రిలో నాకు మెలకువ వచ్చేసరికి నీ మొహం చూశాను ఇన్‌స్పెక్టరుగారూ. అంత భయం ఎవరి మొహంలోనూ చూళ్ళేదు. మళ్ళీ ఆ మొహం చూడలేను. ఆ పిల్లకేం, ఎంత చెప్పినా దానికి భయం లేదు.”

ఆమె దుప్పటి అంచు సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

అంతలో ఫోన్ మోగింది. ఆసుపత్రిలో పడున్న మనిషికి ఎలా ఉందో ఆసుపత్రి వాళ్ళ మిషనే ఫోన్ చేసి అడుగుతోంది. ఇంకోరోజైతే ఆమె దీని మీద ఒక పూట మాట్లాడేది. ఏమీ అనకుండా ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన స్పీకర్ గుర్తు మీద వేలు పెట్టబోతే, ఆ వేలు పట్టుకుని ఆపింది. లేచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

తలుపు సరిగ్గా పడలేదు. సందులోంచి ఆయన గొంతు వినబడుతోంది, బాల్కనీలో వినబడిన ఆ గొణుగుడే, ఇప్పుడు మాటలతో సహా.

“బాలేదమ్మా. మొన్న పోతాననుకున్నాను. చాలా భయమేసింది. బోర్డు సగంలో ఉంది, పిల్ల పెళ్ళి కాలేదు, ఇవన్నీ కాదు. ఇది ఒంటరిగా తాళం లాగి చూసుకుంటూ మెట్లు దిగుతుంటే ఎలా ఉంటుందా అని...” ఊపిరి తీసుకున్నాడు. “ఈ మాట మాత్రం మా ఆవిడకి చెప్పకమ్మా.”

ఇన్నాళ్ళూ తను అనుమానించింది నిజమే. పెళ్ళానికి చెప్పని మాటలు ఆయన ఆ గొంతుకి చెబుతూనే ఉన్నాడు. తలుపు తోసుకుని లోపలికి పోయి ఆ ఫోన్ లాక్కుని, నాకు చెప్పండి, నాకే చెప్పండి అని అరవాలనిపించింది. పోతే ఏం వస్తుందో కూడా ఆమెకి తెలుసు. పర్లేదు అని వస్తుంది.

ఆయన ఇంకా చెబుతున్నాడు. ఆమె తలుపు మెల్లిగా దగ్గరికి లాగి, గడియ పడేదాకా నొక్కి, ఆయన గొంతు వినబడనంత దూరం నడిచి అక్కడ నిలబడింది.